ఐదు సద్దులు, పదిండ్ల రుచులు

పెత్రమాస దగ్గర పడుతోందంటే మా వైపు ఇండ్లల్లో మాటలన్నీ రెండు సంగతుల చుట్టే తిరుగుతాయి. పూలు ఎక్కడ దొరుకుతాయి? సద్దులకు ఎవరెవరు వస్తున్నారు? మీ ఇంట్లోనూ అంతేనా? అయితే రండి, ఇట్లా కూర్చోండి. వానలు వెనకపట్టు పట్టాయి, సాయంత్రం గాలి చల్లగా వీస్తోంది, పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. బతుకమ్మ, దసరా కబుర్లకు ఇంతకంటే మంచి వేళ ఏముంటుంది? అందులోనూ తిండి కబుర్లకు.

పండగ భోజనమంటే చాలామందికి నట్టింట్లో పీటలు వేసుకుని తినేది. సద్దుల బతుకమ్మ నాటి భోజనం తీరు వేరు. ఇంట్లో వండాలి, డబ్బాల్లో సర్దాలి, చెరువు కట్ట దాకా మోసుకుపోవాలి. అక్కడ పదిమందికి పెట్టాలి, పదిమంది దగ్గర పుచ్చుకోవాలి. వండినామె తన డబ్బాలోది తానే తిని ఇంటికొస్తే పండగ చేసినట్టే కాదు. ఈ సంగతి మాకు పిల్లప్పటి నుంచీ అలవాటే కాబట్టి ఎన్నడూ ప్రత్యేకంగా తోచలేదు. పట్నంలో కాపురం పెట్టి, పక్క ఫ్లాట్లో ఎవరుంటున్నారో తెలియని ఇండ్లల్లో బతకడం మొదలయ్యాకే దాని విలువ బాగా తెలిసొచ్చింది. అందుకే ఈ కబురు మీతో చెప్పుకోవాలనిపించింది.

ముందు పండగ వరస ఒకసారి చూద్దాం. భాద్రపద అమావాస్య నాడు, అంటే పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు నువ్వులు, బియ్యప్పిండి, బెల్లం. రెండో రోజు అటుకులు, మూడో రోజు ముద్దపప్పు, నాలుగో రోజు పాలూ బెల్లంతో నానబియ్యం, ఐదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యమే ఉండదు. ఏడో రోజు వేపకాయలు. అంటే నిజం వేపకాయలు కావు, బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయించినవి. ఎనిమిదో రోజు నువ్వులు, వెన్న, బెల్లం కలిపిన వెన్నముద్దలు. తొమ్మిదో రోజు, దుర్గాష్టమి నాడు సద్దులు. ఊరిని బట్టి కొంత తేడా ఉంటుంది. వేములవాడలోనైతే ఏడో రోజే సద్దులు చేస్తారు. దాంతో అక్కడి ఆడబిడ్డలకు అత్తగారింట్లో ఒకసారి, తల్లిగారింట్లో ఒకసారి ఆడుకునే వీలు కలుగుతుందని చెప్పుకుంటారు.

ఈ వరసలో ఒక్కటైనా ఖరీదైన వంట ఉందేమో చూడండి. బియ్యం, అటుకులు, పప్పు, పాలు, నువ్వులు, బెల్లం. ఏ ఇంటి అటక మీదైనా, ఏ అర్రలోనైనా ఉండే సరుకులే. వానకాలం పెసలు అప్పటికే ఇంటికొచ్చి ఉంటాయి, మక్క కంకులు కోతకొస్తాయి, వరి ఇంకా పొట్ట మీదో పాల మీదో ఉంటుంది. కొత్త ధాన్యం చేతికి రాని నెల అది. అందుకే ఉన్నదాంట్లోనే రోజుకో రుచి చొప్పున పెంచుకుంటూ పోయారు మన ముందటి ఆడవాళ్ళు. డబ్బున్న ఇల్లూ లేని ఇల్లూ ఒకే వంట చేయగలిగేలా కుదిరిన వరస అది. పేద ఇంటి సద్ది, దొర ఇంటి సద్ది పక్కపక్కన పెడితే రుచిలో తేడా వండిన చేతిది తప్ప సరుకుది కాదు.

అలిగిన బతుకమ్మ నాడు పొయ్యికీ చేతులకూ కాస్త విరామం. వెనక ఐదు రోజుల పని, ముందు మూడు రోజుల పని. మధ్యలో ఆ ఒక్కరోజు అమ్మవారి పేరు చెప్పి ఇంటి ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఆ రోజును మీ ఇంట్లో కూడా మర్యాదగా పాటించమని నా మనవి.

ఇక పూలు. పూల గురించి చెప్పకుండా సద్దుల గురించి చెప్పడం కుదరదు. తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్లపూలు, సీతజడ, గుమ్మడి, బీర. వీటిలో తంగేడు, గునుగు ఎవరూ విత్తితే మొలిచేవి కావు. తంగేడు బీళ్ళలో, బాటల పక్కన పూస్తుంది. గునుగు పత్తి చేలల్లో, మక్క చేలల్లో కలుపుగా మొలుస్తుంది. ఏడాది పొడుగునా రైతు పీకి గట్టు మీద పారేసే మొక్క ఈ తొమ్మిది రోజులూ తాంబాళం ఎక్కుతుంది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక బతుకమ్మను రాష్ట్ర పండగగా ప్రకటించారు. అదే ఏడాది ఎంచుకున్న నాలుగు రాష్ట్ర చిహ్నాలు తంగేడు పువ్వు, జమ్మి చెట్టు, పాలపిట్ట, జింక. అందులో మూడు ఈ పండగ రోజులవే. తంగేడు బతుకమ్మది, జమ్మీ పాలపిట్టా దసరావి. ఒక ప్రాంతం తన గుర్తులు ఎంచుకోబోతే మూడు వంతులు ఒక్క పండగలోనే దొరికాయంటే ఆ పండగ మా బతుకులో ఎంత లోతుకు దిగిందో మీరే చెప్పండి.

గునుగు పని ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. సద్దుల ముందటి సాయంత్రం మోపులకు మోపులు గునుగు ఇంటికొస్తుంది. చాప పరిచి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. కాడలు జానెడు పొడుగున సమానంగా కత్తిరించాలి. పది పన్నెండు కాడలు కలిపి దారంతో కట్టాలి. గిన్నెల్లో కలిపిన రంగు నీళ్ళలో తెల్లటి కొసలు ముంచాలి. ఒక గిన్నె ఎరుపు, ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. ముంచి, విదిలించి, తలకిందులుగా ఆరబెట్టాలి. కొన్ని కట్టలు రంగు వేయకుండా తెల్లగానే ఉంచాలి, లేకపోతే మిగతా రంగులకు ఎత్తు రాదు. ఈ పనికి పెద్దా చిన్నా, ఆడా మగా తేడా లేదు. చేను తిరిగి పూలు తెచ్చేది అన్నదమ్ములు, కాడలు కోసేది బావమరదులు, రంగు ముంచేది పిల్లలు. ఆ రాత్రి మా పిల్లల చేతులు మోచేతి దాకా ఊదారంగులో ఉంటాయి. మర్నాడు సద్ది తినేటప్పుడు కూడా ఆ రంగు పోదు.

తెల్లారి పొద్దున్నే గుమ్మడి పూలు కోసుకురావాలి, ఎండెక్కితే ముడుచుకుపోతాయి. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ తంగేడు వరస, దాని మీద గునుగు వరస, మళ్ళీ బంతి, మళ్ళీ గునుగు. మధ్యలో బోలుగా ఉండకుండా కోసిన కాడలు, ఆకులు దట్టంగా కూరుతూ పైకి పోవాలి. ఆ కూరడంలోనే ఉంది నేర్పంతా. వదులుగా ఉంటే ఆట మధ్యలో ఒరుగుతుంది. చివరికి పైన పసుపు గౌరమ్మ.

పూల పని ఒక పక్క సాగుతుండగానే రెండో పక్క పొయ్యి మీద అన్నం గిన్నెలు ఎక్కుతాయి. ఐదు సద్దులు: చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది. ఈ ఐదింటినీ ఒకసారి కలిపి ఆలోచించండి. దేనికీ కూర అక్కర్లేదు, చారు అక్కర్లేదు. పొద్దున చేస్తే రాత్రి దాకా చెడవు. డబ్బాలో పోసుకుని పోవచ్చు, చేత్తో తీసి పక్కామె చేతిలో పెట్టవచ్చు. పంచడానికి పనికొచ్చే అన్నాన్నే ఏరి మరీ ఈ పండగకు పెట్టారు.

ఐదింటికీ మూలం అన్నం పొడిపొడిగా ఉండటం. పాత బియ్యమైతే మేలు. ఎసట్లో కాస్త నూనె వేసి, పలుకు లేకుండా, మెతుకు చితకకుండా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోయాలి. పులిహోరకు వేడిగా ఉన్నప్పుడే అన్నం మీద పసుపు, ఉప్పు, చారెడు నూనె, కరివేపాకు రెబ్బలు వేసి వదిలేయాలి. కిలో బియ్యానికి 100 నుంచి 150 గ్రాముల చింతపండు సరిపోతుంది. పులుపు ఎంత పట్టిందో పండును బట్టి చూసుకోండి. గుజ్జు తీసి, చీల్చిన పచ్చిమిర్చి వేసి, నూనె పైకి తేలేదాకా దగ్గరికి ఉడికించాలి. తొందరపడితే పచ్చి వాసన పోదు. పోపులో శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి, ఇంగువ. మా వైపు చాలా ఇండ్లల్లో చివరన వేయించిన నువ్వుల పొడి కూడా చల్లుతారు. కలిపిన వెంటనే రుచి చూసి ఉప్పు తక్కువైందనుకోకండి. ఒక గంట ఆగితే పులుపు మెతుకులోకి దిగి అన్నీ సర్దుకుంటాయి.

నిమ్మకాయ సద్దికి ఒక్కటే జాగ్రత్త. పోపు గిన్నె దించాకే నిమ్మరసం పిండాలి, పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుంది. కొబ్బరి సద్దికి పచ్చి కొబ్బరి కోరు నేతిలో దోరగా వేగాలి, రంగు మారకూడదు. నువ్వుల సద్దికి తెల్ల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చీ ఉప్పూ వేసి బరకగా దంచాలి. మెత్తగా పట్టించారంటే నూనె దిగి ముద్దయిపోతుంది. రోట్లో దంచిన నువ్వుల వాసన గడప దాటి వీధిలోకి వచ్చిందంటే ఆ ఇంట్లో సద్దులు మొదలైనట్టే.

పెరుగు సద్ది పెద్దల తెలివి. అన్నం వేడిగా ఉన్నప్పుడు పాలు పోసి మెత్తగా మెదపాలి. గోరువెచ్చగా అయ్యాక రెండు గరిటెల పెరుగు కలపాలి. పొద్దున తింటే పాలన్నంలా తియ్యగా ఉండేది సాయంత్రానికి చెరువు కట్ట చేరేసరికి కమ్మగా తోడుకుని ఉంటుంది. పూర్తిగా పెరుగే పోసి కలిపితే దీపాల వేళకే పులిసిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర పోపు వేసుకుంటే ఇక చెప్పేదేముంది?

వీటి పక్కన తీపి ఉండాలి కదా. పెసలు, పల్లీలు, నువ్వులు, మక్కలు విడివిడిగా వేయించి పట్టించిన సత్తుపిండ్లు. బెల్లమో చక్కెరో కలిపి, కాస్త నెయ్యి తగిలించి ఉంచుతారు. గోధుమ రొట్టెలను వేడిగా ఉండగానే నలిపి, బెల్లం, నెయ్యి వేసి చేసిన మలీద ముద్దలు. పండ్లు లేని పిల్లల నుంచి పండ్లూడిన అవ్వల దాకా అందరూ తినగలిగిన తీపి మలీద.

సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా పట్టుచీరల్లో బయటికొస్తుంది. తాంబాళాలు నెత్తి మీద, డబ్బాల సంచులు మగపిల్లల చేతుల్లో. హన్మకొండలోనైతే ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ముందు ఇసుకేస్తే రాలనంత జనం. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి అది. సద్దుల నాడు ఆ జనమంతా పద్మాక్షి గుట్ట కింది చెరువు వైపు నడుస్తారు. పల్లెల్లోనైతే ఊరి నడిబొడ్డున ఒక ఆట, చెరువు దగ్గర ఇంకో ఆట. వానలు బాగా పడిన ఏడు ఆ నెలలో చెరువు మత్తడి దుంకుతుంటుంది. నిండిన చెరువును చూస్తే ఊళ్ళో అందరి గొంతులూ కాస్త హెచ్చుతాయి. ఎందుకంటే యాసంగికి ఢోకా లేదని ఆ నీళ్ళే చెబుతాయి. చెరువెండిన ఏళ్ళు కూడా మా వాళ్ళు చూశారు. బావిలో నాలుగు చేదల నీళ్ళలో బతుకమ్మను విడిచి వచ్చిన ఏళ్ళు అవి. ఆ సంగతి తెలిసిన పెద్దవాళ్ళు చెరువు నిండిన ఏడు సద్ది పెట్టే తీరే వేరు. గుప్పెడు పెట్టేచోట దోసెడు పెడతారు.

పాట చుట్లు చుట్లుగా సాగి, పొద్దుగూకి, బతుకమ్మలను ఒక్కొక్కటిగా నీళ్ళలోకి సాగనంపాక అసలు భోజనం మొదలవుతుంది. కట్ట మీద గడ్డిలో ఎవరికి వీలున్నచోట వాళ్ళు కూర్చుంటారు. టకటకా డబ్బా మూతలు తెరుచుకుంటాయి. అప్పటిదాకా ఒక్కో ఇంటిదిగా ఉన్న వంట ఆ క్షణం నుంచి అందరిదీ అవుతుంది. "ఇగో వదినె, మా కొబ్బరి సద్ది. జర తిని సూడు." "ఆగు చెల్లె, ముందు ఈ పులిహోర పట్టు." మోదుగాకు విస్తరో, డబ్బా మూతో, వట్టి అరచేయో, ఏది చాపితే దాంట్లో పెడతారు. పెట్టించుకున్నామె ఖాళీ చేతులతో పంపదు, తన డబ్బాలోంచి అంతకంతా తిరిగి పెడుతుంది. కాసేపటికి ఒక్కొక్కరి విస్తట్లో ఎనిమిది పది ఇండ్ల అన్నం చేరుతుంది. నాలుగు రకాల పులిహోర పక్కపక్కన ఉంటుంది. ఒకటి పులుపు ముందు, ఒకటి కారం ముందు, ఒకదాంట్లో పల్లీలు ఎక్కువ, ఒకదాంట్లో ఇంగువ గుప్పుమంటుంది. చీకట్లో కళ్ళకు కనపడకపోయినా నోట్లో పెట్టుకోగానే ఇది ఫలానా అత్తమ్మ చేతిదని పిల్లలు చెప్పేస్తారు. ఊళ్ళో ప్రతి ఇంటి చేతి రుచి నాలుకకు తెలిసి ఉండటం చిన్న సంగతి కాదు. అట్లాంటి ఊళ్ళో పిల్లవాడు ఆకలేసి ఏ గడప ముందు నిలబడినా కొత్తవాడు కాడు.

ఆ రాత్రి ఇంకో పని కూడా జరుగుతుంది. ఆ ఏడాది ఎవరైనా పోయిన ఇంట్లో పండగ ఉండదు. బతుకమ్మ పేర్చరు, పోపు పెట్టరు, పొయ్యి మీద అన్నం గిన్నె మామూలు రోజులాగే ఎక్కుతుంది. చెరువు నుంచి తిరిగొచ్చేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళు ఆ గడప ముందు ఆగుతారు. తలా ఒక డబ్బాలోంచి సద్ది తీసి గిన్నె నింపి ఇస్తారు. పెద్ద మాటలేం ఉండవు. కాసేపు కూర్చుంటారు, పోయినవాళ్ళ సంగతి ఒకటి తలుచుకుంటారు, లేస్తారు. మరుసటి ఏడు సద్దులకు ఆ ఇంటామె డబ్బా అందరికంటే ముందు తెరుచుకుంటుంది. నిరుడు తిన్న ఇండ్లన్నీ ఆమెకు గుర్తే. ఎవరూ అడగని, ఎక్కడా రాసుకోని బాకీ అది. తీరుతున్నప్పుడు ఇద్దరి ముఖాలూ వెలుగుతాయి.

అష్టమి అయింది, నవమి నాడు ఆయుధపూజ. నాగలి నుంచి ట్రాక్టర్ దాకా, కుట్టుమిషన్ నుంచి ఆటో దాకా అన్నీ కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. దశమి నాడు దసరా. తెలంగాణ పల్లెలో దసరా అంటే కొత్త బట్టలు, పాలపిట్ట, జమ్మి, మాంసం కూర. తినేవాళ్ళ ఇండ్ల సంగతి చెబుతున్నాను లెండి. తినని ఇండ్లల్లో పూర్ణం బూరెలో బొబ్బట్లో, వాటి వైభవం వాటిదే.

ఆ పొద్దున ఊళ్ళో యాటను కోసే చోట ఒకసారి నిలబడి చూడండి. ఒక్క ఇంటికి ఒక యాట ఎక్కువ. అందుకని నాలుగైదు ఇండ్లవాళ్ళు కలిసి కొంటారు. కోసి, కడిగి, ఆకులు పరిచి పోగులు పెడతారు. పోగు పెట్టడం ఒక విద్య. ప్రతి పోగులో ఇంత మెత్తటి మాంసం, ఇన్ని బొక్కలు, ఇంత కార్జం, ఇంత బోటి పడాలి. ఒక పోగులోది తీసి ఇంకో దాంట్లో వేస్తూ, వెనక్కి జరిగి చూస్తూ, మళ్ళీ ఒక ముక్క సర్దుతూ పెద్దమనిషి ఒకాయన చాలాసేపు తంటాలు పడతాడు. అన్నీ సమానమయ్యాయని అందరూ అన్నాక ఒక పిల్లవాణ్ణి అటు తిరిగి నిలబడమంటారు. పోగు మీద వేలు పెట్టి, ఇది ఎవరిదిరా అంటే వాడు చూడకుండానే ఒక ఇంటి పేరు చెబుతాడు. వాడు ఎవరి పేరు చెబితే వాళ్ళదే. ఇంకెవరూ నోరెత్తరు. 2025లో దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. ఆ రోజు మాంసం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి చాలామంది ముందు రోజే తెచ్చుకుని పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి ఇంటింటా బగారా అన్నం, యాట కూర, మినపగారెలు. గారెను కూర పులుసులో ముంచుకుని తినడం దసరా నాటి హక్కు. హైదరాబాద్ నుంచి, బొంబాయి నుంచి, భీవండి నుంచి, సూరత్ నుంచి వచ్చినవాళ్ళంతా ఆ ఒక్క పూట ఒకే వరసలో కూర్చుంటారు. మా కరీంనగర్, సిరిసిల్ల, పాలమూరు నుంచి మగ్గాల పనికీ, మట్టి పనికీ పోయినవాళ్ళు సంక్రాంతికి రాకపోయినా దసరాకు వస్తారు. అందుకే ఆ వారం జేబీఎస్‌లో, ఇమ్లీబన్‌లో, ఉప్పల్ చౌరస్తాలో బస్సులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ బస్సుల్లో నిలబడి మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన వాళ్ళకు మొదటి ముద్ద ఎంత రుచో నేను వేరే చెప్పాలా?

సాయంత్రం జమ్మి. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచిన చెట్టు. ఊరి పొలిమేరలో దానికి పూజ చేసి, ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. సాటివాళ్ళయితే గుండెకు హత్తుకుంటారు. అలయ్ బలయ్ అంటే ఇదే. రాజకీయ నేత బండారు దత్తాత్రేయ 2005లో హైదరాబాద్‌లో దసరా తెల్లారి అలయ్ బలయ్ పేరుతో అన్ని పార్టీల వాళ్ళనూ, కళాకారులనూ పిలిచి తెలంగాణ వంటలతో విందు పెట్టడం మొదలుపెట్టారు. ఊళ్ళో జరిగేది కూడా అంతే గొప్పది. పొలం గట్టు తగాదాతో ఏడాదంతా మాటల్లేని దాయాదులు కూడా జమ్మి చేతిలో ఉన్నప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకోరు. ఆకు పెట్టాలి, పుచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంట్లోకి రమ్మనకుండా ఎట్లా ఉంటారు? వచ్చినవాడికి గారె పెట్టకుండా ఎట్లా ఉంటారు? గట్టు సంగతి రేపు చూసుకోవచ్చు, ఇవాళ తిందాం అనుకుంటారు. చాలాసార్లు ఆ రేపు రాదు.

ఆంధ్ర వైపు కూడా ఇవే రోజుల్లో వేడుక తక్కువేం కాదు. బెజవాడ కనకదుర్గమ్మ రోజుకో అలంకారంలో దర్శనమిస్తుంది, ఇండ్లల్లో బొమ్మల కొలువులు తీరుతాయి, వచ్చిన పేరంటాళ్ళకు శనగలు తాంబూలం ముడుతాయి. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. సముద్రాలు దాటి పోయిన మనవాళ్ళు శని, ఆదివారాలు చూసుకుని పార్కుల్లో బతుకమ్మ ఆడుతున్నారు. తంగేడు దొరకని చోట చామంతులు, బంతిపూలు, దొరికిన రంగుపూలు పేరుస్తున్నారు. సద్దులు మాత్రం అవే ఐదు. బియ్యం, చింతపండు, నువ్వులు ఎక్కడికైనా మనతో వస్తాయి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఈ పండగ పట్నంలో మారిన తీరు చూస్తే నాకు ఒక్క దిగులు. పూలు బజారులో దొరుకుతున్నాయి, ఆటకు మైకులు పెడుతున్నారు, చీరలు వెలిగిపోతున్నాయి. అన్నీ బాగున్నాయి. కానీ సద్దుల చోట క్యాటరింగ్ వాళ్ళ టేబుళ్ళు వచ్చి నిలబడ్డాయి. అందరి ప్లేట్లలో ఒకే గిన్నెలోంచి వచ్చిన ఒకే పులిహోర. కడుపు నిండుతుంది, నిజమే. కానీ పక్కింటామె చేతి రుచి మన నాలుకకు తెలిసే దారి అక్కడితో మూసుకుపోతుంది. అది నాకు పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

దారి కష్టమైనది కాదు. ఐదు సద్దులూ ఒక్క ఇంట్లో చేయడం ఉద్యోగాలు చేసుకునే వాళ్ళకు భారమే, ఒప్పుకుంటాను. మా అపార్ట్‌మెంట్లో అంతస్తుకో సద్ది అని పంచుకున్నాం. ఒక అంతస్తు పులిహోర, ఒకటి కొబ్బరి, ఒకటి నువ్వులు, ఒకటి నిమ్మ, ఒకటి పెరుగు. ఒక్కో ఇంటివాళ్ళు తమ అంతస్తు సద్దినే తమ తీరులో చేసుకుని, కిలో బియ్యానికి మించకుండా తెస్తారు. ఆట అయ్యాక సెల్లార్లో చాపలు వేసుకుని డబ్బాలు తెరుస్తాం. వంట రాని పిల్లలు సత్తుపిండి పట్టించుకొస్తారు. గునుగుకు రంగులద్దే పని ముందటి రాత్రి అక్కడే, అందరం కలిసి.

మా మెట్ల కింద గదిలో కాపలా చూసుకునే కుటుంబం ఒడిశా నుంచి వచ్చింది. ఎదురు హాస్టల్లో నర్సింగ్ చదివే ఆడపిల్లలు ఉంటారు, సెలవు దొరక్క ఇండ్లకు పోలేరు. పక్క వీధిలో బిల్డింగు కడుతున్న బిహార్ వాళ్ళు ఉంటారు. మొదట్లో వీళ్ళందరికీ మేం ప్లేట్లలో పెట్టి పంపేవాళ్ళం. ఒక ఏడు మా ఇంటికి వచ్చిన మేనత్త అది చూసి, "పెట్టి పంపుడు ఏంది బిడ్డా, వాళ్ళను కూడా డబ్బా తెమ్మను" అంది. ఆమె మాటే మాట. ఆ ఏడు ఒడిశా ఇంటామె చాప మీద మా మధ్య కూర్చుని, తాను చేసిన దహి పఖాళ డబ్బా మూత తీసింది. పెరుగన్నంలాగే ఉంది, వేయించిన జీలకర్ర వాసన, లేత నిమ్మాకుల వాసన. మా పెరుగు సద్ది ఆమె తిన్నది, ఆమె పఖాళ మేం తిన్నాం. ఆమె మా పిల్లల పేర్లు అడిగింది, మేం ఆమె ఊరి పేరు అడిగాం. ఏళ్ళుగా ఒకే గేటు దాటుతున్నవాళ్ళం ఆ రోజు పరిచయమయ్యాం.

ఎవరికైనా పెట్టడం మనకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఎదుటివాళ్ళ చేతి నుంచి పుచ్చుకోవడం కూడా మర్యాదే, అది కూడా మన పెద్దలే నేర్పారు. చెరువు కట్ట మీద ఎవరి విస్తరి చూసినా, జమ్మి పెట్టే చేయి చూసినా, పోగులు పెట్టే ఆకులు చూసినా కనిపించేది ఈ రెండో సగమే. పెట్టడం ఒక్కటే ఉంటే అది దానం. పుచ్చుకోవడం కూడా ఉంటేనే విందు, అప్పుడే ఆ మనిషి మన మనిషి అవుతాడు.

కాబట్టి ఈ ఏడు సద్దులకు మీ ఇంటి నుంచి ఒక్క సద్ది చాలు, బాగా చేయండి. దానికంటే ముందు, ఇంకా వారం రోజులుండగానే, మీ గేటు దాటే మనుషుల్లో మీరు ఎన్నడూ భోజనానికి పిలవని ఒక ఇంటి తలుపు తట్టండి. సద్దులకు రమ్మని చెప్పండి. వాళ్ళు మొహమాటపడి ఏం తేవాలమ్మా అంటే, అయ్యో ఏం వద్దులే అనకండి. మీ ఇంట్లో పండగకు ఏం చేసుకుంటారో అదే ఒక డబ్బా తెండి, మేం తింటాం అనండి.